కాన్పు గది వాకిట – డా॥ హిల్డా లాజరస్ గారి జీవిత విశేషములు

వెల్లూరు పేరు వినని క్రైస్తవ కుటుంబము మన భువనగిరి ప్రాంతములో లేదంటే అతిశయోక్తి కాదు. జబ్బు ముదిరినప్పుడు అప్పు చేసియైనా రైలెక్కి వెళ్లి వచ్చినవారు ప్రతి సంఘములోనూ ఉన్నారు. తమ పిల్లలను అక్కడ డాక్టరు చదువుకో, నర్సు చదువుకో పంపాలని ఆశపడని తల్లిదండ్రులు అరుదు. అయితే ఆ గొప్ప వైద్య సంస్థకు తొలి భారతీయ అధిపతిగా కూర్చున్నది ఒక తెలుగు స్త్రీ అనే సంగతి మనలో కొద్దిమందికే తెలుసు. ఆమె విశాఖపట్నపు ఆడపడుచు, ప్రసూతి వైద్యములో పేరుపొందిన డా॥ హిల్డా మేరీ లాజరస్ గారు. ఈ శతాబ్ది సంచికలో మిషనెరీ దొరల గురించి, దొరసానుల గురించి వ్రాసేవారు ఎలాగూ ఉంటారు గనుక, మేము మన తెలుగు బిడ్డను గురించి వ్రాయ సంకల్పించినాము.

ఆమె జీవితము అర్థము కావాలంటే ముందుగా ఒక పాత సంగతి చెప్పుకోవాలి. కాన్పు గదిలోకి మగవాడు వెళ్లవచ్చునా, కూడదా అన్న ప్రశ్న అది. ఈనాటి యువతీ యువకులకు ఇది ప్రశ్నగానే తోచకపోవచ్చును. కాని ఈ ప్రశ్న తేలకపోవడము వలన ఎందరు తల్లులు చనిపోయినారో లెక్క లేదు.

మన ఊళ్లలో కాన్పు పూర్తిగా ఆడవారి పని. నొప్పులు మొదలు కాగానే మంత్రసానికి కబురు వెళ్లేది. చాలా ఊళ్లలో మంగలి ఇంటి ఆడవారు, కొన్నిచోట్ల దళిత స్త్రీలు ఈ పని చేసేవారు. పురుడు పోసి, బొడ్డు కోసి, తల్లికి బిడ్డకు స్నానము చేయించి, ఇంత ధాన్యము, ఒక పాత చీర పుచ్చుకుని పోయేవారు. భర్త బయట అరుగు మీద కూర్చుండవలసిందే. మంత్రసానిని మూఢురాలని తిట్టిపోయడము డాక్టర్లకు, మిషనెరీలకు కూడ అలవాటు. మేము ఆ మాటతో ఏకీభవించలేము. నూటికి తొంభై కాన్పులు ఆమె చేతుల మీదనే సుఖముగా జరిగినవి. బిడ్డ అడ్డము తిరిగినప్పుడు, రక్తము ఆగనప్పుడు ఆమె దగ్గర ఉపాయము లేదు. ఉపాయము తెలిసిన డాక్టరు పట్నములో ఉన్నా అతడు మగవాడు. చిక్కంతా అక్కడనే.

పశ్చిమ దేశాలలో ఈ కథ మరోవిధముగా నడిచింది. అక్కడ కూడ మొదట అంతా మంత్రసానులే. కాన్పు కష్టమై బిడ్డ కడుపులోనే చనిపోయినప్పుడు మాత్రము కొక్కెములు పట్టుకుని మంగలి వైద్యుడు వచ్చేవాడు. కాబట్టి మగవాడు గుమ్మములో కనబడితే చావు కబురు వచ్చినట్లే భయపడేవారట. 17వ శతాబ్దములో ఇంగ్లండులో చాంబర్లెన్ అనే వైద్య కుటుంబమువారు బిడ్డ తలను పట్టి బ్రతికియుండగానే బయటకు తీసే పటకారు వంటి పనిముట్టును కనిపెట్టినారు. దానినే ఫోర్సెప్స్ అంటారు. ఈ కుటుంబము వారు దానిని పెట్టెలో దాచి, తమ వంశము దాటనీయకుండ సుమారు వంద ఏండ్లు రహస్యముగా ఉంచినారు. ఎందరినో బ్రతికించగల వస్తువును వ్యాపార రహస్యము చేసికొన్న ఆ పెద్దమనుషులను ఎలా మెచ్చుకోవాలో మాకు తెలియడము లేదు.

తరువాత 1740 ప్రాంతములో విలియమ్ స్మెల్లీ అనే స్కాట్లాండు వైద్యుడు లండనులో తోలుతో చేసిన బొమ్మల మీద మగ విద్యార్థులకు కాన్పు విద్య నేర్పినాడు. ఎలిజబెత్ నిహెల్ అనే మంత్రసాని 1760లో ఒక గ్రంథము వ్రాసి, మగవారు తొందరపడి పనిముట్లు వాడి తల్లులకు హాని చేస్తున్నారని వాదించింది. ఆమె మాటలో కొంత నిజము లేకపోలేదు. 1840లలో వియన్నా నగరపు ప్రసూతి ఆసుపత్రిలో రెండు విభాగములు ఉండేవి. ఒకదానిలో మగ వైద్య విద్యార్థులు, రెండవదానిలో మంత్రసానులు శిక్షణ పొందేవారు. విద్యార్థుల విభాగములో పురిటి జ్వరముతో చనిపోయే తల్లులు మంత్రసానుల విభాగము కన్నా కొన్ని రెట్లు ఎక్కువ. శవాలను కోసిన చేతులతోనే విద్యార్థులు వచ్చి కాన్పులు చేస్తున్నారని సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు కనిపెట్టి, 1847లో క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగించగా చావులు తగ్గినవి. దీనికి పెద్ద డాక్టర్లు ఆయనను మెచ్చుకోలేదు సరికదా, వెళ్లగొట్టినంత పని చేసినారు. ఏది ఎట్లున్నా ఐరోపాలో మగవాడు కాన్పు గదిలోకి వచ్చి స్థిరపడినాడు. మంత్రసాని క్రమముగా అతనికి సహాయకురాలైపోయింది.

మన దేశములో అలా జరుగలేదు. మద్రాసులో 1844లోనే ప్రసూతి ఆసుపత్రి నెలకొన్నది. అయితే దానిని నడిపినది మగ డాక్టర్లు. పరదా పాటించే ముస్లిము స్త్రీలు, అగ్రవర్ణ స్త్రీలు చాలమంది అటు తొంగి చూడలేదు. 1890ల తొలి సంవత్సరములలో తిండివనములో జరిగిన సంగతి మన సంఘములలో అనేకులు ప్రసంగములలో వినియున్నారు. అమెరికాలో చదువు ముగించి, జబ్బుపడిన తల్లికి సహాయముగా వచ్చిన ఐడా స్కడ్డర్ అనే యువతి వద్దకు ఒక్క రాత్రి ముగ్గురు భర్తలు వచ్చినారు. ఒకరు బ్రాహ్మణుడు, ఒకరు ముస్లిము, మరొకరు వేరే కులపు హిందువు. ముగ్గురి భార్యలూ కాన్పు కష్టమై ప్రాణాపాయములో ఉన్నారు. మా నాన్నగారు డాక్టరు, నాకు వైద్యము రాదు, ఆయనను తీసికొని పొమ్మని ఆమె చెప్పినా ముగ్గురూ పరపురుషుడు రాకూడదని వెనుదిరిగినారు. తెల్లవారేసరికి ముగ్గురు స్త్రీలూ చనిపోయినారు. ఆ రాత్రే ఐడా డాక్టరు కావాలని తీర్మానించుకొని, 1899లో డాక్టరు పట్టా పుచ్చుకొని వచ్చి వెల్లూరులో వైద్యము మొదలు పెట్టింది.

ఆ ముగ్గురు భర్తలను క్రూరులని అనడము సులువు. అర్ధరాత్రి బయలుదేరి, మతము కాని తెల్లవారి ఇంటి తలుపు తట్టినారంటే భార్యలను ప్రేమించినవారే. వారిని పట్టి ఉంచినది ఊరి కట్టుబాటు. ఆ కట్టుబాటును పగలగొట్టడమా, లేక దానిని అలాగే ఉండనిచ్చి ఆడ డాక్టర్లను తయారు చేయడమా? మిషనులు, ప్రభుత్వము కూడ రెండవ దారినే పట్టినవి. మన తెలుగు నేలలో గుంటూరుకు 1883లో వచ్చిన డా॥ అన్నా కుగ్లర్ గారు ఈ దారిలో మొదటివారిలో ఒకరు. మద్రాసు మెడికల్ కాలేజీ 1875లో నలుగురు స్త్రీలను చేర్చుకున్నది. 1885లో వైస్రాయి భార్య లేడీ డఫరిన్ పేర ఒక నిధి ఏర్పడి, స్త్రీలకు స్త్రీల చేతనే వైద్యము అందించే ఆసుపత్రులు దేశమంతట లేచినవి. విశాఖపట్నములోని విక్టోరియా ఆసుపత్రిని జనులు నేటికీ ఘోషా ఆసుపత్రి అనే పిలుస్తారు. ఆ పేరులోనే ఈ చరిత్ర అంతా ఉన్నది.

ఆ విశాఖపట్నములోనే హిల్డా గారు 1890 జనవరి 23న జన్మించినారు. తండ్రి డేనియల్ లాజరస్ గారు కెనడియన్ బాప్టిస్టు మిషను హైస్కూలుకు ప్రధానోపాధ్యాయులు, ఊరిలో గౌరవము పొందిన విద్యావేత్త. వారి పూర్వులు బ్రాహ్మణ కులములో నుండి క్రీస్తును అంగీకరించినవారు. పెద్ద కుటుంబము. అయినా ఆడపిల్ల అని చదువు ఆపలేదు. హిల్డా గారు తండ్రిగారి స్కూలులో చదివి, మద్రాసు వెళ్లి బి.ఏ. పూర్తి చేసి, మద్రాసు మెడికల్ కాలేజీలో డాక్టరు పట్టా పొందినారు. అందులో ప్రసూతి శాస్త్రములో బంగారు పతకము ఆమెది. తరువాత ఇంగ్లండు, ఐర్లండులలో పై చదువు చదివినారు. అప్పటికి మన తెలంగాణ పల్లెలలో ఆడపిల్లకు అక్షరము నేర్పడమే వింత అని గుర్తు చేసికొంటే, ఆమె ఎంత దూరము నడిచినారో తెలుస్తుంది.

1914లో ప్రభుత్వము విమెన్స్ మెడికల్ సర్వీస్ అనే ఉద్యోగ శాఖను ఏర్పరచింది. పేరుకు భారత స్త్రీల కొరకైనా అందులోని డాక్టరమ్మలు తెల్లవారే. మగవారి ఇండియన్ మెడికల్ సర్వీసుతో పోలిస్తే హోదా, జీతము తక్కువ. ఆ శాఖలో నియమింపబడిన మొదటి భారతీయురాలు హిల్డా గారు. 1917లో ఢిల్లీలోని లేడీ హార్డింజ్ ఆసుపత్రిలో ఆమె ఉద్యోగము మొదలైంది. స్త్రీలకు స్త్రీలే నేర్పే మెడికల్ కాలేజీ అక్కడ అంతకు ముందు సంవత్సరమే ప్రారంభమైంది.

అది మొదలు సుమారు ముప్పై ఏండ్లు ఆమె దేశములో పలుచోట్ల పని చేసినారు. ఎక్కడికి బదిలీ అయితే అక్కడి భాష నేర్చుకొనేవారు. మద్రాసులో ఘోషా ఆసుపత్రికి సూపరింటెండెంటుగా ఉన్నారు. వెళ్లిన ప్రతిచోట నర్సులకు, మంత్రసానులకు శిక్షణ ఇవ్వడము ఆమె ముఖ్యమైన పనిగా పెట్టుకొన్నారు. మాకు ఆమె జీవితములో అన్నిటికన్న గొప్పదిగా తోచేది ఇదే. డాక్టరు ఒక్కతె ఎన్ని కాన్పులు చేయగలదు? చేతులు కడుక్కోవడము, కత్తెర మరగబెట్టడము, ఎప్పుడు ఆసుపత్రికి పంపాలో తెలిసికోవడము వంటి చిన్న సంగతులు నేర్చుకొన్న మంత్రసాని ఒక్కతె ఉంటే ఊరు ఊరంతా బాగుపడుతుంది.

ఇక్కడ మరొక తెలుగు నేల బిడ్డను తలవకుండ ముందుకు పోలేము. హిల్డా గారి కన్నా రెండేండ్లకు పైగా పెద్దవారు, 1887 అక్టోబరు 14న కర్నూలులో జన్మించిన ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియార్ గారు. కవలలలో ఒకరు, రెండవవారు రామస్వామి మొదలియార్ గారు. లక్ష్మణస్వామి గారు కూడ మద్రాసు మెడికల్ కాలేజీలోనే చదివి, మగవాడై యుండి ప్రసూతి వైద్యమునే ఎన్నుకొన్నారు. ఎగ్మూరు ప్రసూతి ఆసుపత్రికి సూపరింటెండెంటు అయిన మొదటి భారతీయులు ఆయనే. 1939లో మద్రాసు మెడికల్ కాలేజీకి మొదటి భారతీయ ప్రిన్సిపాలు అయినారు. 1938లో వెలువడిన ఆయన ప్రసూతి గ్రంథమును, తరువాత మీనన్ గారితో కలిసి పెంచినదానిని, తరతరాల డాక్టరు విద్యార్థులు చదివినారు. మగవాని చేత కాన్పు చేయించుకొనడానికి ఒప్పుకొనని ఇండ్లలోకి, మగవాడు వ్రాసిన పుస్తకము చదివి పాసైన డాక్టరమ్మలు వెళ్లినారన్నమాట! మగవాని విద్య గుమ్మము దాటింది, మగవాడు దాటలేదు.

1940లో హిల్డా గారు లేడీ హార్డింజ్ కాలేజీకి ప్రిన్సిపాలు అయినారు. ఆ స్థానములో కూర్చున్న మొదటి భారతీయురాలు ఆమెనే. కర్నూలులో పుట్టిన పురుషుడు మద్రాసులో, విశాఖలో పుట్టిన స్త్రీ ఢిల్లీలో ఒక్క సంవత్సరము తేడాతో తెల్లవారి కుర్చీలను అధిష్ఠించినారు. తరువాత 1943 నుండి 1947 వరకు ఆమె విమెన్స్ మెడికల్ సర్వీసుకంతటికీ ముఖ్య వైద్యాధికారిణిగా పని చేసినారు.

ఈలోగా వెల్లూరులో పెద్ద కలత రేగింది. 1918లో ఐడా స్కడ్డర్ గారు స్త్రీల కొరకు స్థాపించిన మెడికల్ స్కూలు, పట్టభద్రులు కాని డాక్టర్లను తయారు చేసేది. 1938లో మద్రాసు ప్రభుత్వము ఇకమీదట ఎం.బి.బి.ఎస్. తప్ప వేరే వైద్య చదువు చెల్లదని నిర్ణయించింది. ఆ స్థాయికి ఎదగాలంటే పెద్ద ఆసుపత్రి, మరింతమంది ప్రొఫెసర్లు, ఎంతో డబ్బు కావాలి. స్త్రీల మిషనులు మాత్రమే ఆ భారము మోయలేవు. అన్ని మిషనులు కలిసి డబ్బిచ్చేలాగు, పురుషులను కూడ విద్యార్థులుగా చేర్చుకొనే ఉమ్మడి కాలేజీగా మార్చడమే మార్గమని తేలింది.

ఆ మాట అమెరికాలోని దాతలలో కొందరికి శూలమై గుచ్చుకొన్నది. వెల్లూరుకు లక్షల డాలర్లు కూడబెట్టిన లూసీ పీబాడీ గారు దీనిని గట్టిగా ఎదిరించినారు. ఆమె వాదన తేలికగా తోసివేయదగినది కాదు. స్త్రీల చందాలతో, స్త్రీల కొరకు కట్టినది పురుషుల చేతిలోకి పోతే నాయకత్వము వారిదే అవుతుందని, ఆడపిల్లల సీట్లు తగ్గిపోతాయని ఆమె భయము. మన సంఘ కమిటీలలో స్త్రీల మైత్రి కూడబెట్టిన సొమ్ము ఎవరి మాట మీద ఖర్చవుతుందో ఎరిగిన సహోదరీలకు ఆ భయము వెంటనే అర్థమౌతుంది. ఐడా గారు ఎంతో మథనపడి, ప్రాణస్నేహితురాలిని నొప్పించియైనా ఉమ్మడి కాలేజీకే ఒప్పుకొన్నారు. డెబ్బదేండ్ల వయసులో అమెరికా అంతట తిరిగి చందాలు పోగు చేసినారు. 1942లో ఎం.బి.బి.ఎస్. తరగతులు ప్రారంభమైనవి. అనుబంధము ఇచ్చినది మద్రాసు విశ్వవిద్యాలయము. ఆ సంవత్సరమే దానికి వైస్ ఛాన్సలరుగా వచ్చినవారు, ముందు చెప్పిన కర్నూలు డాక్టరు లక్ష్మణస్వామి గారే. 1947లో మొదటిసారిగా మగ విద్యార్థులు వెల్లూరు కాలేజీలో అడుగు పెట్టినారు.

సరిగా ఈ సమయములో, ప్రభుత్వ సేవ ముగించిన హిల్డా గారిని వెల్లూరు సంస్థ పిలిచింది. ఉద్యోగ విరమణ చేసి విశాఖ సముద్రపు గాలిలో విశ్రాంతి తీసికొనవలసిన వయసు ఆమెకు. ఆమె వచ్చి, సంస్థకు మొదటి భారతీయ అధిపతి అయి, 1954 వరకు ఆ బాధ్యత వహించినారు. దేశానికి స్వాతంత్ర్యము వచ్చిన కొత్త. అమెరికా, ఇంగ్లండు, ఆస్ట్రేలియాల నుండి వచ్చిన మిషనెరీ డాక్టర్లు ఒక తెలుగు స్త్రీ ఆజ్ఞ క్రింద పని చేసినారు. సంఘములలో కూడ మన బిషప్పులు, మన అధ్యక్షులు అప్పుడప్పుడే ముందుకు వస్తున్న కాలమది.

ఎంత విచిత్రమో ఆలోచించండి. పురుషుడు కాన్పు గదిలోకి రాకూడదన్న కట్టుబాటు లేకపోతే విమెన్స్ మెడికల్ సర్వీసే ఉండేది కాదు, ఘోషా ఆసుపత్రులూ ఉండేవి కావు, హిల్డా గారి ఉద్యోగ జీవితము మరెట్లు నడిచేదో! ఆ కట్టుబాటు మీద కట్టిన మేడలో ముప్పై ఏండ్లు పని చేసిన ఆమె, చివరకు పురుష విద్యార్థులు కూడ ప్రసూతి విద్య నేర్చుకొనే కాలేజీకి పెద్ద అయినారు. ఎం.బి.బి.ఎస్. చదివే ప్రతి విద్యార్థి, ఆడైనా మగైనా, కాన్పులు చూచి, చేసి నేర్చుకొనవలసిందే. నొప్పులు పడుతున్న తల్లి దగ్గర కుర్రవాడు నిలబడితే ఇంటివారు ఊరుకొంటారా అన్న సందేహము సహజమైనదే. వెల్లూరులో ఆ తల్లి చుట్టూ అప్పటికే ఆడ డాక్టర్లు, ఆడ నర్సులు ఉన్నారు. మగ విద్యార్థి వారి చేతి క్రింద నేర్చుకొనే స్థితిలో లోపలికి వచ్చినాడు. ఐరోపాలో అతడు మంత్రసానిని ప్రక్కకు నెట్టి వచ్చినాడు. ఇక్కడ ఆడవారి దగ్గర శిష్యరికము చేయడానికి వచ్చినాడు. ఈ భేదము చిన్నది కాదని మా అభిప్రాయము.

పీబాడీ గారి భయము కొంతవరకు నిజమైంది. హిల్డా గారి తరువాత డైరెక్టరు అయినవారు పురుషులే. వారు జాన్ కార్మన్ గారు, అంతకు ముందు మన హనుమకొండ మిషను ఆసుపత్రిలో పని చేసిన బాప్టిస్టు డాక్టరు. మంచివారే, మన తెలంగాణకు సేవ చేసినవారే. అయినా స్త్రీలు స్థాపించిన సంస్థకు స్త్రీ అధిపతిగా ఉండడము ఆ తరువాత చాలకాలము మామూలు సంగతి కాలేకపోయింది. ఢిల్లీలోని లేడీ హార్డింజ్ కాలేజీ మాత్రము నేటికీ ఎం.బి.బి.ఎస్.కు అమ్మాయిలనే చేర్చుకొంటున్నది. హిల్డా గారు నడిపిన రెండు కాలేజీలు రెండు దారులు పట్టినవి. ఏది మంచిదారి అని అడిగితే మాలో మాకే రెండు అభిప్రాయములు ఉన్నవి.

వెల్లూరు విడిచిన తరువాత ఆమె విశాఖపట్నములో నివసించినారు. 1961లో భారత ప్రభుత్వము పద్మశ్రీ బిరుదు ఇచ్చింది. అంతకు ముందే కైసర్-ఇ-హింద్ పతకము వచ్చియున్నది. వృద్ధాప్యములో తన జీవిత చరిత్ర వ్రాసికొన్నారు. ఐడా స్కడ్డర్ గారు 1960 మే 24న కొడైకెనాలులోనూ, లక్ష్మణస్వామి మొదలియార్ గారు 1974లోనూ మరణించినారు. హిల్డా గారు 1978లో, ఎనభై ఎనిమిదేండ్లు నిండిన వయసులో, ప్రభువు సన్నిధికి చేరినారు.

మన భువనగిరి సంగతి రెండు మాటలు. 2016లో మనది వేరే జిల్లా అయింది. ప్రక్కనున్న బీబీనగరులో ఎయిమ్స్ వచ్చి, 2019 నుండి వైద్య విద్యార్థులు చదువుతున్నారు. అబ్బాయిలు, అమ్మాయిలు కలిసి ప్రసూతి వార్డులో పాఠము వింటున్నారు. 2018–20 లెక్కల ప్రకారము తెలంగాణలో లక్ష కాన్పులకు 43 మంది తల్లులు మరణించినారు, దేశము మొత్తము మీద సగటు 97. తెలంగాణ ప్రభుత్వము 2017 నుండి నర్సులకు ప్రత్యేకముగా మిడ్‌వైఫరీ శిక్షణ ఇప్పిస్తున్నది. పాత మంత్రసాని పని కొత్త రూపములో తిరిగి వచ్చినదనవచ్చును. మగ నర్సింగు విద్యార్థులకు చాలకాలము ఈ పాఠమునకు బదులు వేరే పాఠము చెప్పేవారు, క్రమముగా అది మారింది. ప్రసూతి డాక్టర్లలో మాత్రము ఇప్పటికీ ఆడవారే అత్యధికులు.

ఇక భర్త సంగతి. కాన్పు సమయములో తల్లికి తోడుగా ఒకరిని గదిలో ఉండనివ్వాలని కేంద్ర ప్రభుత్వము 2016లో ఆదేశించింది. ఆ తోడు ఆడమనిషి అయియుండాలి. తల్లులకు తెరచాటు, మరుగు ఉన్నచోట భర్తను కూడ అనుమతించవచ్చును. అంత వసతి ఉన్న ప్రభుత్వ ఆసుపత్రులు తక్కువ గనుక, చాలచోట్ల బిడ్డ తండ్రి ఇంకా వరండాలోనే నిలబడియున్నాడు.